ఊ పడని వాక్యం

చొప్పదండి దిక్కు నుంచి వచ్చే మట్టిబాట గోపన్నపేటలో అడుగు పెట్టగానే ఎడమ పక్క ఒక పెంకుల కొట్టం ఉండేది. దాని నుదుటి మీద రేకు బోర్డు. బోర్డు మీద ‘గోపన్నపేట చేనేత కార్మికుల సహకార ఉత్పత్తి విక్రయ సంఘం, లిమిటెడ్’ అని ఈ కొస నుంచి ఆ కొస దాకా రాసి ఉండేది. అంత పొడుగు పేరు పలుకుతూ కూర్చుంటే మగ్గం ఎవడు నేస్తాడు? ఊరు చివరి మాట ఒక్కటి పట్టుకున్నది. నూలు లిమిటెడ్‌లో తెచ్చుకునేవాళ్లు, చీరెలు లిమిటెడ్‌లో ఇచ్చేవాళ్లు, కూలి కోసం లిమిటెడ్ గడప ముందు కూర్చునేవాళ్లు.

ఏడాదికి ఒకసారి లిమిటెడ్ రిపోర్టు చదివేవారు. నిజాం సర్కారు ఉన్నన్ని రోజులు అది ఉర్దూలో ఉండేది. పోలీసు చర్య తర్వాత ఇంగ్లీషులోకి పోయింది. ఆంధ్రప్రదేశ్ వచ్చాక తెలుగులోకి దిగింది. మన భాషలో వస్తున్నదట అని ఊరంతా సంబరపడి, తలకు నూనె రాసుకుని మరీ వెళ్లి కూర్చున్నది. విన్నాక ఉర్దూ రిపోర్టే నయమనుకున్నది. అందులో జమ, ఖర్చు, బాకీ అనే ఇంటి మాటలు మూడన్నా వినబడేవి. తెలుగు రిపోర్టులో ఆ మూడూ పోయాయి.

అయినా చదివేవాడు చదివేవాడే, వినేవాళ్లు వినేవాళ్లే. ఆ ఊళ్లో కథ చెప్పేవాడు ఉంటే ఊ కొట్టేవాడు ఉండాలి. ఊ లేకుంటే కథ నడవదు. రిపోర్టు కూడా చెప్పేదే కదా అని దానికీ ఊ కొట్టేవాళ్లు. ఊళ్లో ఊ కొట్టడంలో పేరున్న మనిషి హనుమండ్లు తాత. కంటిచూపు మందగించి మగ్గం దిగాడు గానీ గొంతు మందగించలేదు. ‘సందేహాస్పద బాకీల నిమిత్తము తగు కేటాయింపు జరుపబడినది’ అని అధ్యక్షుడు చదవగానే, తాత “ఊఁ” అనేవాడు. ఎక్కడ వాక్యం ముగిసిందో ఆయనకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు. తర్వాత అందరూ చేతులు లేపేవాళ్లు, చాయ్ తాగేవాళ్లు, మిక్చర్ కొంగులో కట్టుకుని ఇంటికి పోయేవాళ్లు. ఏం విన్నారని ఎవరూ ఎవరినీ అడగలేదు. మంత్రం విన్నవాణ్ని అర్థం అడుగుతామా, ప్రసాదం అందిందా అని అడుగుతాం.

ఈ సుఖాన్ని చెడగొట్టినవాడు అంబదాస్.

మనిషి బక్కపలచన, నోరు మాత్రం నిండు మనిషిది. ఒక ఏడు మీటింగులో పర్శరాములు రిపోర్టు చదువుతుంటే నడుమ లేచి నిలబడ్డాడు. పర్శరాములు చాలా ఏండ్ల నుంచి అధ్యక్షుడు. ఇస్త్రీ అంగీ తొడిగి, అద్దాలు ముక్కు కొసన పెట్టి, గొంతు బొంగురు చేసుకుని చదివేవాడు. వినడానికి నిండుగా ఉండేది.

“అన్నా, జర ఆగు. తరుగుదల అంటే ఏంది?” అన్నాడు అంబదాస్.

పర్శరాములు అద్దాల మీదినుంచి చూశాడు. “తరుగుదల అంటే తరుగుడు.”

“ఏం తరిగింది?”

“ఏడాదికింత తరుగుతది తమ్మీ. అది ఉండేదే.”

“గదే, ఏది తరిగింది అంటున్న. నూలా, చీరెలా, మన కూలా?”

పర్శరాములు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. “రిపోర్టుల తరిగింది” అన్నాడు.

కొట్టం ఘొల్లుమన్నది. అదే మీటింగులో ఎన్నిక కూడా ఉన్నది. నవ్వు చల్లారకముందే చేతులు లేచాయి. పర్శరాములు కుర్చీ దిగాడు, అంబదాస్ ఎక్కాడు. ఎక్కినవాడు ఊరికే కూర్చుంటే కథే లేదు. గెలిచిన జోరులో ఒక మాట అనేశాడు.

“వచ్చే ఏడు రిపోటు నేను సదువుత. మన మాటల్ల సదువుత. అగో, శంకరవ్వ ఉన్నది గద, అవ్వకు ప్రతి మాట సమజ్ కావాలె. ఒక్క మాట సమజ్ కాకున్న ఈ కుర్సీ దిగుత. మళ్ళ ఎక్క.”

శంకరవ్వ మొగడు పోయాక అతని షేరు ఆమె పేరు మీదికి వచ్చింది. తలుపు పక్కన తమలపాకు నములుతూ కూర్చున్న ఆమె నోట్లోది ఒక బుగ్గకు తోసి అడిగింది.

“మందిల నా పేరే ఎందుకు తీసినవ్ కొడుకా? గింతమందిల నేనే తెలివి తక్కువదానిలెక్క కండ్లబడ్డనా?”

“అట్ల గాదవ్వా, నువ్వు మొహమాట పడవు. సమజ్ కాకుంటే కాలేదంటవ్.”

“అంట” అన్నది శంకరవ్వ.

*

కుర్చీ ఎక్కినవాడికి బుద్ధి కుర్చీ ఎత్తున పెరగదు. ఆ ఎండాకాలం అంబదాస్ నిర్మల్‌కు చుట్టాల పెండ్లికి పోయాడు. అక్కడి నుంచి ఎవరో భైంసాకు తోలుకుపోయారు. భైంసాలో ఒక వ్యాపారి ఎర్ర రంగు పొడి చూపించాడు, కరీంనగర్ ధరలో సగానికి ఇస్తానన్నాడు. లిమిటెడ్‌కు ఫాయిదా చేసి చూపిస్తానని అంబదాస్ డబ్బాలు బస్సు మీద కట్టించుకుని ఊళ్లో దిగాడు.

కొత్త రంగు వచ్చినప్పుడు నేతవాళ్లు చేసే పని ఒకటి ఉన్నది. ఒక పోగుకు అద్ది, ఆరబెట్టి, తెల్ల పోగుతో కలిపి నీళ్లలో నానేస్తారు. తెల్లారి తెల్ల పోగు తెల్లగానే ఉంటే రంగు మంచిది. ఊళ్లో ఉయ్యాల దిగిన ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతే. అంబదాస్ పెండ్లాం అనసూర్య కండెలు చుడుతూనే అడిగింది.

“నానేసి సూసినవా?”

“సూసిన” అన్నాడు.

చూడలేదు. భైంసాలో తెల్లారేదాకా ఎవడు ఆగుతాడు? ఊరికి వచ్చాక చూడవచ్చు గానీ, చూసి అది కారిందనుకో, డబ్బాలు ఎక్కడ పెట్టుకోవాలి? చూడకుంటే కారదు అన్న ధైర్యం మీద అద్దకం మొదలైంది.

ఎర్ర అంచు తెల్ల చీరెలు మొదటి ఉతుకుకే గులాబీ చీరెలైనాయి. బజారు నుంచి మూటలు మూటలుగా తిరిగి వచ్చాయి. సగం ధరకు అమ్మాల్సి వచ్చింది. లిమిటెడ్ ముందు జనం గుమిగూడి ఇదేం గ్రహచారమంటుంటే, అంబదాస్ మెల్లగా ఒక మాట అన్నాడు.

“బాయి నీళ్ళల్ల ఉప్పున్నదేమో.”

ఏమో అన్నాడు, అంతే. మిగతాది ఊరే చేసుకున్నది. అవును, నీళ్లు ఈ మధ్య సప్పగా లేవన్నారు ఒకరు. సబ్బు నురగ రావట్లేదన్నారు ఇంకొకరు. అద్దకానికే కాదు, తాగడానికీ ఆ బాయి నీళ్లు పనికిరావని తేలిపోయింది. వాన కాలం దాటి చలికాలం వచ్చినా ఆడవాళ్లు ఊరి అవతలి వాగు నుంచి కడవలు మోస్తూనే ఉన్నారు. అనసూర్య మోసింది, శంకరవ్వ కోడలు మోసింది, మోకాళ్లు పట్టుకుని శంకరవ్వ కూడా చిన్న బిందె మోసింది. నిజం ఏమిటో అంబదాస్ ఒక్క రామచంద్రం సారుకు చెప్పాడు. ఆడిట్‌కు కారణం కావాలి కాబట్టి చెప్పాడు. లేకుంటే ఆయనకూ చెప్పేవాడు కాదు.

*

రామచంద్రం లిమిటెడ్ కార్యదర్శి. కరీంనగర్‌లో మెట్రిక్ చదివి, సహకార శిక్షణ పొంది వచ్చినవాడు. నోరు విప్పితే మన మనిషే. చేతికి కలం ఇస్తే మాత్రం శివసత్తికి పూనకం వచ్చినట్టు మారిపోయేవాడు. జిల్లా ఆఫీసుకు పోయే పట్టీల జోలికి పోవద్దని, మీటింగులో చదివే రిపోర్టు మటుకు మాటల్లో రాయాలని అంబదాస్ ఆయన ముందు కూర్చున్నాడు.

“‘సంఘము యొక్క స్థిరాస్తులు’ అని మొదలు పెట్టిన” అన్నాడు రామచంద్రం.

“అంటే?”

“కదలని ఆస్తులు. కొట్టం, మగ్గాలు, తక్కెడ.”

“మగ్గం కదలకుంటే చీరె ఎట్ల దిగుతది సారు? కదలని మగ్గం ఉన్నదంటే దాన్ని నుక్సాన్ కింద రాయాలె.”

రామచంద్రం కొట్టేశాడు. “సరే, కొట్టం, మగ్గాలు, తక్కెడ అనే రాస్త. మరి తరుగుదల?”

“గిదొక్కటి నాకు బాకీ ఉన్నది. మగ్గాలు ఏడాదికింత పాతబడ్డయని రాయుండ్రి.”

“సందేహాస్పద బాకీలు.”

“ఎవలవి?”

“పర్శరాములు బామ్మర్దివి. నూలు తీస్కపోయిండు, చీరెలు తేలే.”

“దాంట్ల సందేహం ఏడున్నది? అవి రావు. రావు అని రాయుండ్రి.”

“రావు అని ఎట్ల రాస్తం అంబదాసూ? రానే రావని గాదు...”

“మీరు తెస్తరా?”

రామచంద్రం రాశాడు. తర్వాతి పద్దు దగ్గర కలం ఆపి తలుపు దిక్కు చూశాడు. “సంకీర్ణ వ్యయం.”

“గదేంది మళ్ళ?”

రామచంద్రం గొంతు తగ్గించాడు. “ఇన్స్‌పెక్టర్ వచ్చినప్పుడు కోడిని కోసినం గద.”

“కోడి అని రాయుండ్రి.”

“రిపోటు పోయేది ఆయన కాడికే. తిన్నోడే సదువుతడయ్యా.”

“తిన్నోనికైతే మంచిగ గుర్తుంటది. ఇంకొగలకు చెప్పే పని లేదు.”

ఇలా వాదులాడుకుంటూ పోతుంటే రిపోర్టు ఎండిన చింతపండులా చిక్కిపోయింది. మునుపు రామచంద్రం రాస్తే చిన్న పుస్తకమంత అయ్యేది. ఇప్పుడు జేబులో మడిచి పెట్టుకునేంత మిగిలింది. మొదట్లో ప్రాణం పోయినట్టు మూలిగినవాడు నడుమకు వచ్చేసరికి తానే ఆటలో పడ్డాడు. చివరి పద్దుకు అంబదాస్ అడగకముందే రాసి పెట్టుకున్నాడు.

“గీ నుక్సాన్ పద్దు నేనే నీ తీరుగ రాసిన. ఇను.” గొంతు సవరించుకుని చదివాడు. “‘అంబదాస్ భైంసల సస్త రంగు కొన్నడు. నానేసి సూడలే. రంగు కారింది. చీరెలు సగం ధరకు అమ్మినం.’ ఎట్లున్నది?”

అంబదాస్ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

“మంచిగనే ఉన్నది. గని జర పొట్టిగున్నది.”

“పొట్టిగ రాయమన్నది నువ్వే గద.”

“పొట్టి వేరు, మొండి వేరు సారు. గిది మొండిగున్నది.”

“మరెట్ల రాయమంటవ్?”

అంబదాస్ కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. “మీరు మునుపు రాసేటోళ్ళు గద. గట్ల ఒక్కటి.”

రామచంద్రం ఎగతాళి చేయలేదు. చేస్తే బాగుండేది. పలుపు తాడు విప్పిన ఎద్దులా ఆయన కలం కాగితం మీద పరుగు తీసింది. రాసి, సిరా ఊది, ముందు పెట్టాడు.

‘వర్ణద్రవ్య సేకరణానంతరము తత్సంబంధిత గుణపరిశీలనా పరిస్థితుల యందు సంభవించిన ప్రతికూల పరిణామముల దృష్ట్యా నిల్వ సరకు విలువ యందు కొంత క్షీణత అనివార్యమైనది.’

అంబదాస్ ఒకసారి చదివాడు, మళ్లీ చదివాడు. అందులో తన పేరు లేదు. భైంసా లేదు. అసలు మనిషే లేడు. వడగండ్లు పడినట్టు ఎక్కడి నుంచో నష్టం వచ్చి పడింది, పాపం ఎవరు ఆపుతారు? వాక్యం మెత్తటి పరుపులా ఉన్నది, ఎక్కడ పడుకున్నా ఒత్తుకోదు. పర్శరాములు ఇన్నేండ్లు ఎందుకంత ఇష్టంగా చదివేవాడో అంబదాస్‌కు ఆ రోజు తెలిసింది.

“గిది ఉంచుండ్రి” అన్నాడు.

మీటింగుకు ముందు రోజు మాపటేళ ఇంట్లో రిపోర్టు చదివి చూపించాడు. అనసూర్య రాట్నం తిప్పుతూ ఊ కొట్టింది. కోడి దగ్గర రాట్నం ఆపి నవ్వింది. నష్టం పద్దు వచ్చేసరికి అంబదాస్ కాగితం మడిచాడు.

“అయిపోయిందా? రంగు నుక్సాన్ రాలే” అన్నది అనసూర్య.

“ఉన్నది ఎనుక. రేపు ఇంటవ్ తీ.”

“ఇప్పుడు సదివితె ఏమైతది?”

“గొంతు ఆరింది.”

“అగో, చెంబుల వాగు నీళ్ళున్నయి. పొద్దుగాల మోసుకొచ్చిన, తాగు” అన్నది.

తాగాడు.

*

మీటింగు రోజు కొట్టం కిక్కిరిసింది. మగవాళ్లు చాపల మీద, ఆడవాళ్లు తలుపు పక్కన. నడుమ ఒక్క కుర్చీ. దాని పక్కనే నిలబడి అంబదాస్ చదవడం మొదలు పెట్టాడు.

“మీరందరు ఏసిన షేరు పైసలతోని లిమిటెడ్ నడుస్తున్నది. మనకు గీ కొట్టం ఉన్నది, మగ్గాలున్నయి, తక్కెడ ఉన్నది.”

హనుమండ్లు తాత ఊ కొంచెం ఆలస్యంగా వచ్చింది. వాక్యం ఇంత తొందరగా అయిపోతుందని ఆయన అనుకోలేదు.

“మగ్గాలు ఏడాదికింత పాతబడ్డయి. దాని విలువ తక్కువ చేసి రాసినం. మునుపు తరుగుదల అన్నది గిదే.”

“ఊఁ. ఓహో, గిదేనా” అన్నాడు తాత. ఊకు తోక రావడం లిమిటెడ్ చరిత్రలో అదే మొదలు.

“పర్శరాములన్న బామ్మర్ది నూలు తీస్కపోయిండు. చీరెలు ఇయ్యలే. గా పైసలు రావు.”

తలలన్నీ ఒక్కసారి పర్శరాములు వైపు తిరిగాయి. పర్శరాములు పైకప్పు చూస్తూ అన్నాడు. “రావు అని ఎట్ల అంటరు? వస్తయి.”

“ఎప్పుడొస్తయన్నా?” అన్నాడు అంబదాస్.

“అదే, జర సందేహం ఉన్నది.”

నవ్వు ఆగాక అంబదాస్ ఉత్సాహంగా కోడి పద్దు, దాని పాత పేరుతో సహా చదివాడు. తలుపు పక్క నుంచి శంకరవ్వ అందుకున్నది.

“గా కోడి నాదే. ఏ పేరు మీద పోయిందో తెలువక ఇన్నొద్దులు కొట్లాడిన. సంకీ... ఏందది రామచంద్రం, దాని అసలు పేరు?”

“సంకీర్ణ వ్యయం అవ్వా.”

“మంచి పుంజు ఉండె బిడ్డా. గా పేరు పెట్టి కోసిండ్రు.”

కొట్టం అంతా కదులుతున్నది. వెనక కూర్చున్నవాళ్లు మోకాళ్ల మీద లేచి వింటున్నారు. ఒకడు మిక్చర్ ముందే తెచ్చి పెట్టబోతే ఆగురా అని గదిమారు. రిపోర్టు కోసం మిక్చర్ ఆగడం ఎవరూ ఎరగరు. ఆ జోరులో అంబదాస్ చివరి పద్దుకు వచ్చాడు. కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకుని గడగడా చదివేశాడు.

“వర్ణద్రవ్య సేకరణానంతరము తత్సంబంధిత గుణపరిశీలనా పరిస్థితుల యందు సంభవించిన ప్రతికూల పరిణామముల దృష్ట్యా నిల్వ సరకు విలువ యందు కొంత క్షీణత అనివార్యమైనది.”

ఊ రావాల్సిన చోటు వచ్చింది. ఊ రాలేదు.

హనుమండ్లు తాత నోరు సగం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. మునుపైతే పడేదే. గోనెపట్టాలో ముడి ఉన్నా ఎవరి చేతికి తగులుతుంది? ఇప్పుడు నున్నటి బట్ట తడుముతూ వచ్చిన చేతులు అవి. ముడి దగ్గర టక్కున ఆగాయి.

“నా ఊ పడలే బిడ్డా, మళ్ళ సదువు” అన్నాడు తాత.

అంబదాస్ మళ్లీ చదివాడు. ఈసారి మెల్లగా చదివాడు గనుక ఇంకా అన్యాయంగా వినిపించింది.

శంకరవ్వ తమలపాకు నమలడం ఆపింది. “కోడి దాక మంచిగనే మాట్లాడుతున్నవ్ గద కొడుకా. కోడి కాన్నుంచి ఏడికి పోయినవ్?”

“ఏడికి పోలే అవ్వా. గిది హిసాబు మాట.”

పర్శరాములు లేచాడు. ఏడాది నుంచి ఎదురుచూసిన ఘడియ. మెత్తగా అడిగాడు. “అవ్వా, నీకు సమజ్ కాలేదా?”

“కాలే.”

“ఒక్క మాటనా?”

“ఒక్క మాటేంది, మొత్తం కాలే.”

పర్శరాములు భుజం మీది తువ్వాల తీసి, నడుమ ఉన్న కుర్చీ దగ్గరికి పోయి, దాని మీది దుమ్ము శ్రద్ధగా దులిపాడు. దులిపి, పెద్దమనిషిలా ఊరడించాడు. “తమ్మిని ఏమనకుండ్రి. దాంట్ల ఏం లేదు. నేను ఏండ్ల సంది సదివింది గూడ గదే తీరు.”

శంకరవ్వ ఆయన వైపు తిరిగింది. “అంటే నువ్వు సదివినప్పుడు గూడ నడుమ గీసోంటిది ఒకటి ఉండెనా?”

“ఒకటేంది అవ్వా, నాది మొత్తం గిట్లనే ఉండె” అన్నాడు పర్శరాములు గర్వంగా.

అన్నాక ఆయనకే వినిపించింది. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు, ఇక ఆపడం ఎవరి వల్లా కాలేదు. పర్శరాములు తువ్వాల భుజాన వేసుకుని, తన చాప ఎక్కడుందో వెతుక్కుని కూర్చున్నాడు.

అంబదాస్ మాత్రం నవ్వలేదు. ఆయనకు ఒక దారి కనిపించింది. దిగిపోవచ్చు. మాట ఇచ్చాను, మాట మీద నిలబడుతున్నాను అని దిగితే ఊరు మెచ్చుకుంటుంది కూడా. ఆ వాక్యం ఏమిటో ఎవరికీ తెలియదు, బాయి నీళ్లు ఉప్పగానే ఉంటాయి, అనసూర్యకు తను చెప్పిన అబద్ధం అబద్ధమని తెలియదు. పోయేది కుర్చీ ఒక్కటే.

“మాట మాటే. అవ్వకు సమజ్ కాలే. నేను దిగుతున్న” అన్నాడు గొంతు బరువు చేసి.

“శాబాష్. మాట అంటె గట్లుండాలె” అన్నాడు ఒకడు. ఇద్దరు ముగ్గురు తలలూపారు. అంబదాస్ కాగితం మడుస్తున్నాడు.

“దిగుతె దిగు” అన్నది తలుపు దగ్గరి నుంచి అనసూర్య. మీటింగులో ఆమె గొంతు విప్పడం ఎప్పుడూ లేదు. “గని గదేందో చెప్పి దిగు.”

అంబదాస్ రామచంద్రం వైపు చూశాడు. రామచంద్రం కలానికి మూత పెడుతున్నాడు. ఒక మూత పెట్టడానికి మనిషి అంతసేపు తీసుకోవచ్చని అప్పుడే తెలిసింది.

“రంగు” అన్నాడు అంబదాస్. “భైంసల కొన్న. సస్త ఉన్నదని కొన్న. నానేసి సూడలే. అది కారే రంగు. చీరెలు గందుకే ఖరాబైనయి.” ఆగాడు. “బాయి నీళ్ళకు ఏం గాలే.”

మగవాళ్లు నష్టం సంగతి లెక్క వేసుకుంటున్నారు. అది పాత నష్టం, ఎప్పుడో ఏడ్చి వదిలేసింది. తలుపు పక్కన మాత్రం ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

“బాయి నీళ్ళు మంచియేనా?” అన్నది శంకరవ్వ కోడలు.

“మంచియే.”

“మరి వానకాలం సంది వాగు నీళ్ళు మోస్తున్నం గద?”

అంబదాస్ మడిచిన కాగితం విప్పి చూశాడు, దానికి అందులో పద్దు లేదు. రామచంద్రం దగ్గర ఉండి ఉండవచ్చు గానీ, ఆయన అప్పుడు నేల చూస్తున్నాడు.

“నానేసి సూసిన అన్నవ్ నాతోని” అన్నది అనసూర్య.

“అన్న.”

“అబద్ధమా?”

“అబద్ధమే.”

మిగతా ఆడవాళ్లు అందుకున్నారు. మోకాళ్ల గురించి, పగిలిన కడవల గురించి, చలిలో వాగు ఒడ్డున జారిపడ్డదాని గురించి అడిగారు. ఇన్నేండ్ల రిపోర్టులకు అందరూ కలిసి వేయని ప్రశ్నలు ఆ ఒక్క పద్దు మీద పడ్డాయి. అంబదాస్ నిలబడి ప్రతిదానికీ “ఔ” అన్నాడు. చివరికి, ఇక నన్ను పోనియ్యుండ్రి అన్నట్టు కుర్చీ పక్కకు జరిపాడు.

“ఏడికి?” అన్నది శంకరవ్వ.

“దిగుతున్న గదవ్వా.”

“ఎందుకు దిగుతవ్? సమజ్ కాకుంటే దిగుత అన్నవ్. ఇప్పుడు నాకు ఒక్కొక్క మాట సమజ్ అయింది. ఇయ్యాల్ల అయినంత ఎన్నడు కాలే. దిగి మంచోనివి అయిదామని సూస్తున్నవా? కూసో.”

కూర్చున్నాడు. కుర్చీ అంత ఎత్తుగా ఉంటుందని, కూర్చుంటే అందరికీ అంత బాగా కనిపిస్తామని ఆయనకు అంతవరకు తెలియదు.

తర్వాత తీర్మానం రాయాలన్నారు. రామచంద్రం మూత మళ్లీ తీశాడు. “‘రంగు కొనుగోలు బాధ్యతను ఇతరులకు అప్పగించుటకు...’”

“ఇతరులంటె ఎవలు?” అన్నాడు హనుమండ్లు తాత.

రామచంద్రం కొట్టేసి మొదటి నుంచి రాశాడు. ఊరంతా కలిసి చెప్పింది, ఊరంతా కలిసి మాట మాటకు కొట్లాడింది. మిక్చర్ మెత్తబడింది, చాయ్ రెండుసార్లు వేడి చేశారు. ముగిసేసరికి తీర్మానం ఇలా ఉన్నది: ‘ఇక మీద రంగు అనసూర్య కొంటది. నానేసి సూసినంకనే కొంటది. అంబదాస్ కొనొద్దు. వాగు నీళ్ళు మోసిన ఆడోళ్ళకు లిమిటెడ్ కూలి కట్టియ్యాలె.’ కింద అధ్యక్షుడి సంతకం కావాలి. అంబదాస్ చదివాడు. ఎక్కడా పడుకోవడానికి జాగా లేదు. సంతకం చేశాడు.

పొద్దు గూకే వేళకు ఇంటిదారి పట్టారు. అనసూర్య ముందు, ఆయన వెనక. దారిలో బాయి దగ్గర ఆమె ఆగింది. గిరక మీద తాడు వేసి చేదింది. దోసిట్లో పోసుకుని తాగింది. ఇంకోసారి తాగింది. బాయి గట్టున ఎవరో వదిలేసిన కడవ ఉంటే నిండా నింపి, లేపి ఆయన భుజం మీద పెట్టింది.

నాలుగడుగులు వేసేసరికి నీళ్లు చిలికి అంబదాస్ వీపు తడిసింది.

“బరువున్నదా?” అన్నది ఆమె తిరిగి చూడకుండా.

“ఉన్నది.”

“బాయి మన ఇంటికి దగ్గర” అన్నది అనసూర్య. “నడువు.”